జర్మనీలో మెయిల్, మారతహళ్లిలో మట్: ఒక కేస్ స్టడీ

పోయిన వానాకాలంలో అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, మెయిల్ తెరిచి, టీ పెట్టుకుని తాగి, కప్పు కడిగి వచ్చినా ఇంకా హెడర్లు దింపుతానే ఉంది. ఆదివారం ఇంటికొచ్చి ఒకసారి చూస్తావా?" హెడర్లంటే ఒక్కో మెయిల్ తలమీద ఉండే పేరు, తేదీ, సబ్జెక్టు లాంటి వివరాలు.

అక్కది హిందూపురం. బెంగళూరు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది, మారతహళ్లిలో ఉంటుంది, ఇంటినుంచే పని. పని అంటే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ప్యాచ్‌లు, అంటే కోడ్‌లో మార్పులు, రివ్యూ చేయడం, అదంతా మెయిలింగ్ లిస్టుల మీదే నడుస్తుంది. పదిహేనేళ్లుగా మట్ తప్ప ఇంకో మెయిల్ ప్రోగ్రాం వాడలేదు. 1995లో మైకేల్ ఎల్కిన్స్ మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాంలో బొమ్మలు లేవు, మౌస్ అవసరం లేదు, టెర్మినల్‌లో కీబోర్డు మీదే అంతా జరిగిపోతుంది. చేతికి అలవాటైనవాళ్లకి అంత హాయి ఇంకెక్కడా దొరకదు. నేను సిస్టమ్ అడ్మిన్‌ని, నాదీ మట్టే, అందుకే నన్ను పిలిచింది.

ఆమె మెయిల్ ఉన్నది జర్మనీలో అద్దెకు తీసుకున్న సొంత సర్వర్‌లో, దాని మీద డవ్‌కాట్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రాం నడుస్తోంది. మట్ దానితో ఐమ్యాప్ అనే పద్ధతిలో మాట్లాడుతుంది. లిస్టుల ఫోల్డర్ ఒక్కదాంట్లోనే 1,80,000 మెయిల్స్. ఇక్కడ ఇంట్లో డెబియన్ ల్యాప్‌టాప్, ఒక డెస్క్‌టాప్, 40 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. సర్వర్‌కి పింగ్ కొడితే, అంటే ఒక చిన్న పలకరింపు పోయి జవాబు రావడానికి, 160 మిల్లీసెకన్లు.

పక్కన కూర్చుని ఆమె పనిచేసే తీరు అరగంట చూశాను. ఆమె "స్లో" అన్నదాంట్లో మూడు వేరే వేరే బాధలు ఉన్నాయి. ఫోల్డర్ తెరవడానికి నాలుగు నిమిషాలకు పైగా పడుతోంది. తెరిచాక ఒక్కో పేజీ కిందికి దిగడానికి ఏడెనిమిది సెకన్లు. ఇక మెయిల్ లోపలి మాట కోసం వెతికితే మనిషి లేచి వెళ్లిపోవాల్సిందే. వీటన్నిటికీ ఒకటే కారణం ఉంటుందని ఆ పూట అనుకోవడం నా తప్పు. ఇంటర్నెట్ ప్లాన్ మార్చమన్నాను, ఆమె 100 ఎంబీపీఎస్‌కి మారింది. ఫోల్డర్ తెరిచే సమయం నాలుగు నిమిషాల నుంచి మూడున్నరకు వచ్చింది. పేజీ దిగడం మాత్రం ఒక్క క్షణం కూడా తగ్గలేదు. నెలనెలా ఎక్కువ బిల్లు కడుతున్నది ఆమె, అందుకే ఆ విషయం నన్ను బాగా బాధించింది. మళ్లీ వెళ్లినప్పుడు ముందు కొలవాలని నిర్ణయించుకున్నాను.

దూరం సంగతి ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే మిగతాదంతా దీనిమీదే ఆధారపడింది. బెంగళూరు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి గీత గీసినట్టు తిన్నగా వెళ్తే సుమారు 7,400 కిలోమీటర్లు. ఫైబర్ లోపల వెలుతురు సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే పోయి రావడానికి, దారిలో ఎక్కడా ఆగకపోయినా, 74 మిల్లీసెకన్లు పడుతుంది. సముద్రం అడుగున కేబుళ్లు తిన్నగా పోవు, మధ్యలో రౌటర్లు ఉంటాయి, అలా అది 160 అయ్యింది. ఎంత పెద్ద ప్లాన్ కొన్నా ఈ 160 తగ్గదు. ఒక పని అవడానికి ఒకేసారి పోయి వస్తే అది మనిషికి తెలియను కూడా తెలియదు. అదే పని కోసం వందసార్లు ఒకదాని తర్వాత ఒకటి పోయి రావాలంటే 16 సెకన్లు. కాబట్టి నేను వెతకాల్సింది మట్ ఎన్నిసార్లు పోయి వస్తోందో.

దానికి మట్‌లోనే దారి ఉంది. డీబగ్ సౌకర్యంతో కంపైల్ అయి ఉంటే, మైనస్ డి అని ఇచ్చి పక్కన 3 అంకె పెట్టి నడిపితే, సర్వర్‌తో మాట్లాడిన ప్రతి మాటా హోమ్ డైరెక్టరీలో మట్‌డీబగ్ సున్నా అనే ఫైల్‌లో పడుతుంది. ఒక కిటికీలో మట్, పక్క కిటికీలో ఆ ఫైల్‌ని టెయిల్ కమాండ్‌తో పారిస్తూ కూర్చున్నాం. అక్క పేజ్ డౌన్ ఒక్కసారి నొక్కింది. లాగ్‌లో ఫెచ్ వరసలు మొదలయ్యాయి. ఒక యూఐడీ, అంటే ఫోల్డర్‌లో ఆ మెయిల్‌కి సర్వర్ ఇచ్చిన నంబరు, దాని వెంట బాడీ పీక్, అంటే ఆ మెయిల్ మొత్తం దింపు అని అర్థం. అది దిగాక ఇంకో యూఐడీ, మళ్లీ బాడీ పీక్. లెక్కపెడితే 45 ఉన్నాయి. ఆమె టెర్మినల్‌లో కనిపించే వరసలు కూడా 45.

ఆమె కేవలం లిస్టు చూస్తోంది, ఒక్క మెయిల్ కూడా తెరవలేదు. మరి ఒళ్లంతా ఎందుకు దింపుతోంది? ఇంకో చిన్న ఆధారం కూడా దొరికింది: కిందికి దిగేటప్పుడే ఆలస్యం, అదే పేజీకి పైకి ఎక్కితే టక్కున వచ్చేది. అంటే ఏదో ఒక్కసారి లెక్కగట్టి గుర్తుపెట్టుకుంటోంది.

కాన్ఫిగ్ తెరిచి, లిస్టులో ఒక్కో మెయిల్ ఎలా కనపడాలో చెప్పే ఇండెక్స్_ఫార్మాట్ వరస అక్షరం అక్షరం చదివాను. తేదీ, పేరు, సైజు, సబ్జెక్టు, వాటి మధ్యలో పర్సెంట్ గుర్తు పక్కన పెద్ద ఎక్స్. ఆ ఎక్స్ మెయిల్‌లో ఎన్ని అటాచ్‌మెంట్లు ఉన్నాయో చూపిస్తుంది. అటాచ్‌మెంట్లు లెక్కపెట్టాలంటే మట్ మెయిల్ మొత్తం తెచ్చుకుని విప్పి చూడాలి, హెడర్‌లో ఆ సంఖ్య ఉండదు. కాబట్టి తెరమీద కనపడే ప్రతి వరసకీ ఒక మెయిల్ పూర్తిగా జర్మనీ నుంచి రావాలి, ఒకటి వచ్చాకే రెండోది. 45 సార్లు 160 మిల్లీసెకన్లు అంటే 7.2 సెకన్లు. గడియారంలో మేం చూసింది సరిగ్గా అంతే. దీనివల్ల వేగం తగ్గొచ్చని మట్ మాన్యువల్‌లో ఆ అక్షరం పక్కనే హెచ్చరిక ఉంది, కానీ పదేళ్ల క్రితం ఎవరో ఇచ్చిన కాన్ఫిగ్‌ని ఎవరు వరసవరసా చదువుతారు? అప్పట్లో ఆమె మెయిల్ అంతా లోకల్ డిస్క్‌లో ఉండేది, అక్కడ ఈ ఎక్స్ ఏ ఇబ్బందీ పెట్టలేదు.

ఆ రెండు అక్షరాలు తీసేశాం. పేజ్ డౌన్ నొక్కితే పేజీ వెంటనే దిగింది. అక్క ఇంకోసారి నొక్కింది, ఆపకుండా పది పేజీలు దిగింది, పైకి వచ్చింది, మళ్లీ దిగింది. "ఇన్ని నెలలు దీనికేనా నేను పళ్లు కొరుక్కుంటా కూర్చున్నది" అంది. లోకల్ ఫోల్డర్లలో ఆ సంఖ్య కావాలంది కాబట్టి ఫోల్డర్‌ని బట్టి సెట్టింగ్ మార్చే ఫోల్డర్-హుక్ పెట్టి అక్కడ మాత్రం ఉంచాను. ఇలాంటి కాన్ఫిగ్ ఉన్నవాళ్లు కలర్ నియమాలు కూడా చూసుకోండి. ఇండెక్స్ రంగుల నియమంలో ~బి లాంటి మెయిల్ ఒంటిని చూసే ప్యాటర్న్ ఒక్కటి ఉన్నా ఇదే గతి పడుతుంది, రంగు వేయడానికి మెయిల్ మొత్తం రావాలి కదా.

ఇక ఫోల్డర్ తెరవడం. మట్ మైనస్ వి కొట్టి చూస్తే హెచ్‌క్యాష్ పక్కన ప్లస్ గుర్తు ఉంది, అంటే హెడర్ క్యాష్, దింపిన హెడర్లని డిస్క్‌లో దాచుకునే సౌకర్యం, ప్రోగ్రాంలో ఉంది. కానీ కాన్ఫిగ్‌లో హెడర్_క్యాష్ అనే వరసే లేదు, కాబట్టి తెరిచిన ప్రతిసారీ 1,80,000 మెయిల్స్ హెడర్లూ మొదటినుంచి దిగుతున్నాయి. మట్ అడిగేది ముఖ్యమైన హెడర్లే అయినా, థ్రెడ్లు కట్టడానికి, అంటే ఒకే చర్చలోని మెయిల్స్‌ని ఒక గుత్తిగా చూపడానికి, కావలసిన రిఫరెన్సెస్ వరసే లిస్టు మెయిల్స్‌లో చాంతాడంత ఉంటుంది. మెయిల్‌కి ఒక కిలోబైట్ అనుకున్నా 180 ఎంబీ అవుతుంది.

ముందు ఒక డైరెక్టరీ సృష్టించి, హెడర్_క్యాష్‌కి దాని పేరు ఇచ్చాను. డైరెక్టరీ ఇస్తే ఫోల్డర్‌కి ఒక డేటాబేస్ ఫైల్ వస్తుంది, మామూలు ఫైల్ పేరు ఇస్తే అన్ని ఫోల్డర్లూ ఒకే దాంట్లో పడి నెమ్మదిస్తాయి. మాన్యువల్ కూడా ఫోల్డర్‌కి ఒకటి ఉండటమే మేలంటుంది. ఆమె డెస్క్‌టాప్‌లో హోమ్ డైరెక్టరీ ఎన్ఎఫ్ఎస్ అనే నెట్‌వర్క్ డిస్క్ మీద ఉంది, వెనకాల డేటాబేస్ ఎల్ఎండీబీ, అది నెట్‌వర్క్ డిస్కుల మీద వాడకూడనిది, అందుకని అక్కడ క్యాష్‌ని లోకల్ ఎస్ఎస్‌డీకి మార్చాను. మొదటిసారి దింపేటప్పుడు మధ్యలో కనెక్షన్ తెగింది. ఐమ్యాప్_ఫెచ్_చంక్_సైజ్ అని ఒకటి ఉంది, దానికి 5000 ఇస్తే హెడర్లన్నీ ఒకే బారు విన్నపంగా అడగకుండా ఐదేసి వేలుగా అడుగుతుంది. అలా పెట్టాక సాఫీగా దిగింది.

రెండోసారి తెరిస్తే 14 సెకన్లు. అక్కకి అదే పండగ. నాకు మాత్రం హెడర్లన్నీ చేతిలోనే ఉన్నాయి కదా, ఈ 14 సెకన్లు ఎందుకు అని మనసులో ముల్లులా గుచ్చుకుంది. మళ్లీ లాగ్ చూశాను. మట్ ఒకటి నుంచి చివరి యూఐడీ దాకా ప్రతి మెయిల్ ఫ్లాగులూ అడుగుతోంది. ఏది చదివారు, ఏది చెరిపారు, దేనికి జవాబు ఇచ్చారు అన్నది క్యాష్‌లో ఉన్నా నమ్మడానికి లేదు, ఇంకో మెషిన్‌లో మారి ఉండొచ్చు. కాబట్టి సర్వర్ 1,80,000 వరసలు పంపుతోంది. ఒక్కో వరసా 45 బైట్లు వేసుకున్నా 8 ఎంబీ. నిన్న రాత్రి నుంచి మారినవి నిజానికి రెండు మూడు వందలే.

దీనికి మందు ఐమ్యాప్‌లో ఎప్పుడో వచ్చింది. కాండ్‌స్టోర్ 2006లో, క్యూరీసింక్ 2008లో అని రెండు చేర్పులు, రెండూ కలిపి 2014లో ఆర్‌ఎఫ్‌సీ 7162 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా రాశారు. కిరాణా కొట్టులో అరువు చిట్టా ఎలా రాస్తారో చూడండి, ప్రతి పద్దుకీ వరస నంబరు ఉంటుంది. పోయినసారి నేను చూసింది ఫలానా నంబరు దాకా, ఆ తర్వాత రాసినవి చదువు చాలు అంటే కొట్టాయన చిట్టా మొత్తం చదవడు. ఇక్కడ ఆ నంబరు మాడ్‌సీక్. ఏ మెయిల్ ఫ్లాగు మారినా దానికి కొత్త, పెద్ద మాడ్‌సీక్ వస్తుంది. కాండ్‌స్టోర్ ఉంటే ఫలానా నంబరు తర్వాత మారినవి అడగొచ్చు. క్యూరీసింక్ దానికి ఇంకోటి కలుపుతుంది: ఈలోపు చెరిపేసిన మెయిల్స్ ఏవో కూడా వానిష్డ్ అని ఒక్క జవాబులో చెప్తుంది.

మట్‌లో ఈ రెండూ 2018 నవంబరులో వచ్చిన 1.11 నుంచి ఉన్నాయి, కానీ వాటంతట అవి ఆన్ కావు. మన సర్వర్‌కి వస్తాయా రావా అని చూసేటప్పుడు ఒక జాగ్రత్త: డవ్‌కాట్ లాగిన్‌కి ముందు చిన్న కేపబిలిటీ జాబితా, అంటే తనకి ఏమేం వచ్చో చెప్పే జాబితా, చూపిస్తుంది, పూర్తి జాబితా లాగిన్ అయ్యాకే. ముందుది చూసి నా సర్వర్‌లో లేదు అనుకుని వదిలేసినవాళ్లు నాకు తెలుసు. ఐమ్యాప్_క్యూరీసింక్ ఆన్ చేసి, ఫోల్డర్ ఒకసారి తెరిచి మూసి, మళ్లీ తెరిచాం. మూడు సెకన్లు. అందులో ఎక్కువ భాగం క్యాష్ చదివి థ్రెడ్లు కట్టుకోవడానికే, అదంతా ల్యాప్‌టాప్‌లో జరిగే పని.

ఇంత మంచిదైతే అందరూ పెట్టుకోవచ్చు కదా అంటే, చూసుకుని పెట్టుకోవాలి. మాన్యువల్ క్యూరీసింక్‌ని ప్రయోగదశలో ఉన్నదిగానే చెప్తుంది, మెయిల్స్ రెండుసార్లు కనిపించినా మాయమైనా బగ్ రాయమంటుంది. అక్క దగ్గర ఇప్పటిదాకా అలాంటిది ఏదీ రాలేదు, అయినా మొదటి రెండు వారాలూ మెయిల్స్ సంఖ్యని సర్వర్‌తో పోల్చి చూస్తూ వచ్చాను. జీమెయిల్ వాడేవాళ్లయితే కాండ్‌స్టోర్ ఆన్ చేస్తే అక్కడ వేగం ఇంకా తగ్గుతుందని మాన్యువలే చెప్తోంది, వాళ్లు హెడర్ క్యాష్‌తో ఆగడం మంచిది. మట్ 2.0 వచ్చింది 2020లో, అప్పటినుంచి ఐమ్యాప్ రాకపోకల్ని కుదించి పంపే డిఫ్లేట్ కూడా ఉంది. ఫ్లాగుల వరసలన్నీ ఒకే అచ్చులో ఉంటాయి కాబట్టి అవి బాగా నలుగుతాయి. క్యూరీసింక్ లేని సర్వర్ల దగ్గర దీనివల్లే ఎక్కువ లాభం.

వెతకడం దగ్గర ఒక్క అక్షరం తేడా. అక్క అలవాటుగా ~బి అని కొట్టి ఫంక్షన్ పేరు ఇస్తుంది. టిల్డతో మొదలైతే అది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే మామూలు మాట బదులు ఒక నమూనా ఇచ్చి వెతకడం, సర్వర్‌కి ఐమ్యాప్‌లో అది రాదు, కాబట్టి మట్ ప్రతి మెయిల్‌నీ ఇక్కడికి తెప్పించి తనే వెతకాలి. టిల్డ బదులు ఈక్వల్ పెట్టి =బి అంటే మామూలు మాట వెతుకులాట, దాన్ని సర్వర్‌కి అప్పజెప్తుంది, సర్వర్ దొరికిన నంబర్లు మాత్రం తిప్పి పంపుతుంది. గంటల పని ఒక నిమిషానికి వచ్చింది. ఆ నిమిషం కూడా సర్వర్ తన డిస్క్‌లో మెయిల్స్ అన్నీ చదవడానికి పడుతోంది, డవ్‌కాట్‌లో ఫుల్ టెక్స్ట్ ఇండెక్స్ పెడితే అదీ పోతుంది. పెట్టాం కూడా, కానీ ఆమెకి ఒక చిక్కు వచ్చింది. ఇండెక్స్ మాటల్ని ముక్కలుగా కోసి దాచుకుంటుంది, ఫంక్షన్ పేరు మధ్యలోని ముక్క ఇచ్చి వెతికితే దొరక్కపోవచ్చు. ప్యాచ్‌లు చూసేవాళ్లు వెతికేది తరచూ అలాంటి ముక్కలే. పేరు మొదటినుంచి ఇవ్వడం ఆమె అలవాటు చేసుకుంది. వేళ్లు మాత్రం ఇప్పటికీ టిల్డ మీదకే పోతాయంటుంది, అందుకే =బి రాసి ఉంచే మాక్రో ఒకటి కట్టిచ్చాను.

దింపిన మెయిల్స్‌ని డిస్క్‌లో దాచుకునే మెసేజ్_క్యాష్‌డిర్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, పెట్టుకోండి అంతే. ఇరవై ప్యాచ్‌ల సిరీస్ చదివి, ట్యాగ్ చేసి, గిట్‌కి పైప్ చేసినప్పుడు అవే మెయిల్స్ రెండోసారి దిగకుండా డిస్క్ నుంచి వస్తాయి. మెసేజ్_క్యాష్_క్లీన్ మాత్రం ఎప్పుడూ ఆన్‌లో ఉంచకండి. ఫోల్డర్ సింక్ చేసిన ప్రతిసారీ పాత నకళ్లు ఏరుతూ కూర్చుంటుంది, పెద్ద ఫోల్డర్‌లో అది తెలిసేంత ఆలస్యం. నెలకోసారి ఆన్ చేసి తీసేస్తే చాలు. ఇంకో మాట, ఈ క్యాష్‌లలో ఉండేది మీ మెయిల్, ఎన్‌క్రిప్షన్ లేకుండా మామూలు రూపంలోనే డిస్క్ మీద ఉంటుంది. ల్యాప్‌టాప్ డిస్క్‌కి ఎన్‌క్రిప్షన్ లేకపోతే ముందు అది చూసుకోండి.

చివరికి మిగిలింది, పనిచేస్తుండగా అప్పుడప్పుడూ కీబోర్డు ఒక క్షణం బిగుసుకుపోవడం. ఆమె మెయిల్‌బాక్సెస్ వరసలో ముప్పైకి పైగా ఫోల్డర్లు ఉన్నాయి, కొత్త మెయిల్ కోసం ఎంతసేపటికోసారి చూడాలో చెప్పే మెయిల్_చెక్ అసలు విలువ 5 సెకన్లు. అంటే ఆమె కూర్చున్నంతసేపూ ఐదేసి సెకన్లకి ముప్పై ఫోల్డర్ల స్టేటస్ అడుగుతోంది. దాన్ని 60 చేశాం. కనెక్షన్ ఊరికే ఉంటే ఇంట్లో రౌటర్ దాన్ని మర్చిపోతోంది, టీ విరామం తర్వాత మట్ కొయ్యబారి నిలబడేది. కనెక్షన్‌ని ఎన్ని సెకన్లకోసారి పలకరించాలో చెప్పే ఐమ్యాప్_కీప్‌అలైవ్ 300 నుంచి 120కి తగ్గించాక అదీ పోయింది.

ఇంత తంటా ఎందుకు, ఎంబీసింక్‌తో మెయిల్ అంతా ల్యాప్‌టాప్‌కి దింపుకుని నాట్‌మచ్‌తో వెతుక్కోవచ్చు కదా అని చాలామంది అంటారు. నేనూ అక్కకి అదే చెప్పాను, మనస్ఫూర్తిగానే చెప్పాను. రైళ్లలో తిరిగేవాళ్లకి, నెట్ సరిగా లేని ఊళ్లలో ఉండేవాళ్లకి అంతకు మించినది లేదు, వెతకడంలో నాట్‌మచ్‌కి ఏదీ సాటి రాదు కూడా. కానీ ఆమె రోజంతా రెండు మెషిన్ల మధ్య తిరుగుతుంది, ఇక్కడ చదివింది అక్కడ వెంటనే చదివినట్టు కనపడాలి. "ఐదు నిమిషాలకోసారి సింక్ అంటే, ఆ ఐదు నిమిషాల్లో ఒకే ప్యాచ్‌కి రెండు జవాబులు రాసేస్తా తమ్ముడూ" అంది. మట్‌నే సర్వర్ మీద పెట్టి ఎస్ఎస్‌హెచ్‌తో, అంటే దూరంనుంచి లాగిన్ అయ్యి, వాడటం ఆమె అంతకుముందే చూసి మానేసింది, ప్రతి కీకీ 160 మిల్లీసెకన్లు. ఎస్ఎస్‌హెచ్ బదులు వాడే మోష్ టైప్ చేసే అక్షరాల్ని ముందే ఊహించి చూపిస్తుంది గానీ, లిస్టులో కర్సర్ దిగడాన్ని ఊహించలేదు. ఫోల్డర్‌ని ఏడాదికొకటిగా విడగొట్టమన్నా ఒప్పుకోలేదు, ఆమె చూసే చర్చలు కొన్ని మూడేళ్లు సాగుతాయి, థ్రెడ్ తెగిపోతే ఆమెకి పనే సాగదు. ఆమె మాటే నిజం.

జనవరిలో మళ్లీ ఫోన్. "పాత రోగం తిరగబెట్టింది." వెళ్లి చూస్తే మళ్లీ హెడర్లన్నీ మొదటినుంచి దిగుతున్నాయి. ఏం మార్చావక్కా అంటే, కొత్త సర్వర్‌కి మారానంది, మెయిల్స్‌ని ఒక ఐమ్యాప్ కాపీ స్క్రిప్టుతో మోసిందట. ప్రతి ఫోల్డర్‌కీ యూఐడీ‌వాలిడిటీ అని ఒక సంఖ్య ఉంటుంది. అది మారితే పాత యూఐడీలేవీ చెల్లవని అర్థం, మట్ క్యాష్‌ని నమ్మకుండా పక్కన పడేస్తుంది, అలా చేయడమే సరైనది, లేకపోతే ఒక మెయిల్ హెడర్ కింద ఇంకో మెయిల్ తెరుచుకుంటుంది. కాపీ స్క్రిప్టు కొత్త ఫోల్డర్ సృష్టించి అందులో పోసింది కాబట్టి ఆ సంఖ్య కొత్తది అయ్యింది. పాత సర్వర్ అద్దె ఇంకా వారం ఉంది. మారినప్పటినుంచి కొత్త సర్వర్‌కి వచ్చిన మెయిల్స్‌ని ముందు పాత సర్వర్‌కి చేర్చి, కొత్త దాంట్లో ఖాతా ఖాళీ చేసి, ఈసారి డవ్‌కాట్‌తోనే వచ్చే డవ్‌అడ్మ్ బ్యాకప్‌తో మోశాను. అది యూఐడీలనీ, యూఐడీవాలిడిటీనీ ఉన్నవి ఉన్నట్టు తీసుకెళ్తుంది. ల్యాప్‌టాప్‌లో క్యాష్ అప్పటికే పాడైంది, దాన్ని ఇంకోసారి కట్టుకోక తప్పలేదు. డెస్క్‌టాప్‌ని ఈ గొడవ జరిగినన్ని రోజులూ ఆన్ చేయలేదట. మరుసటి రోజు పొద్దున దాంట్లో తెరిస్తే, పాత క్యాష్‌తోనే, మూడు సెకన్లకి ఫోల్డర్ తెరుచుకుంది.